కోసుకూరకు పట్టిన పచ్చపురుగు



నేటి సాయంకాలము నేను మీతో ముచ్చటింపదలచినది అర అంగుళము పొడవైనను లేని ఒక పురుగును గూర్చి. ఇంత చిన్న ప్రాణిని గూర్చి గ్రామపెద్దలతో మాటాడనేల, సేద్యము చేయువారితో మాటాడిన చాలదా యని మీలో కొందఱు తలపవచ్చును. చాలదు. తోటకు మందు చల్లుట ఒక్కొక్క రైతు పని. కాని ఈ పురుగు విషయమున ఎవరికి వారు వేఱువేఱుగ పడిన పాట్లన్నియు ఏటికెదురీత యగుచున్నవి. ఊరంతయు ఏకమై చేయవలసిన పనులు కొన్ని కలవు. అవి మీ మాట లేక జరుగవు. అందుచేత మిమ్మునే యుద్దేశించి చెప్పుచున్నాను.

మీరు దానిని కోసుకూర యన్నను, క్యాబేజీ యన్నను, గోబీ యన్నను పంట ఒక్కటే. మదనపల్లె, పలమనేరు, కుప్పము ప్రాంతములందును, హైదరాబాదునకు పడమట చేవెళ్ల వైపు పల్లెలందును, ఇతర పట్టణములకు చేరువనున్న అనేక గ్రామములందును ఇది రైతు చేతికి రొక్కము చూపు పంట. నాటిన రెండు మూడు నెలలలో కోతకు వచ్చును. పెట్టుబడియు దానికి తగినంత పెద్దదియే. నారుకు, ఎరువునకు, కూలికి అప్పు తెచ్చిన రైతు, గడ్డ కట్టు వేళకు ఆకులు జల్లెడవలె తూట్లు పడుట చూచి అంగడికి పరుగెత్తును. ఒక మందు తెచ్చి చల్లును. వారము తిరుగకమునుపే పురుగు మరల కనబడును. రెండవ మందు తెచ్చును. పిదప రెండింటిని కలిపి చల్లును. తుదకు మూడు నాలుగు కలిపి, మూడు దినముల కొకసారి చల్లి, అప్పటికిని లొంగకున్న తోటను పసులకు విడుచును. అంగడివాడు కల్తీ మందు అమ్మెనని తగవు మీ యెదుటికి వచ్చుటయు మీకు క్రొత్త కాదు. కల్తీ మందులు లేవని నేను చెప్పను. కాని తఱచుగ జరుగునది వేఱు. మందు మంచిదే, పురుగే దానిని మించినది. ఇది యెట్లు సంభవించెనో విశదపఱచుట నా మొదటి పని.

ముందుగ ఆ పంట కులగోత్రములు చూడుడు. కోసుకూర, కోసుపువ్వు, నూల్‌కోలు, ముల్లంగి, ఆవ, ఇవి యన్నియు ఒక్క కుటుంబము. పూత కాలమున పరీక్షించినచో ఒక్కొక్క పువ్వునకు నాలుగేసి రేకులు, లెక్కలలోని కూడిక గుర్తువలె, ఎదురెదురుగ నుండును. ఆవయు ముల్లంగియు మన దొడ్లలో ప్రాతకాపులు. కోసుకూర ఐరోపావారి వెంట మన దేశమునకు వచ్చినది. ఐనను వీని బంధుత్వము ఘాటులో తెలియును. ఆవాలు గింజగ నున్నంతకాలము ముక్కునకు ఏమియు తోపదు. రోట వేసి తడి తగిలించి నూరినచో కంట నీరు తెప్పించును. దీనికి కారణమేమనగా, గింజలో రెండు పదార్థములు విడివిడి యఱలలో దాగియుండును. నలిగినప్పుడు అవి రెండును కలసికొనును. అప్పుడు ఘాటు పుట్టును. కోసుకూర యాకునందును ఇదే యేర్పాటు కొంత మెత్తగ నున్నది. ఇది మొక్క ఆత్మరక్షణమునకై దాచుకొన్న ఆయుధము. ఆకు కొఱికిన పురుగు నోటనే అది పుట్టును. అందుచేతనే అనేక జాతుల పురుగులు ఈ కుటుంబము జోలికి పోవు.

మన పచ్చపురుగు దగ్గఱ ఈ యాయుధము పాఱదు. దాని కడుపులో నొక జీర్ణరసము కలదనియు, ఆ రెండు పదార్థములు కలసి ఘాటుగ మాఱకమునుపే అది మొదటిదానిని నిర్వీర్యము చేయుననియు 2002లో శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. అంతటితో పోలేదు. ఇతరులను తఱుముటకై మొక్క పెట్టుకొన్న ఆ వాసనయే దీనికి ఇంటి గుర్తైనది. తల్లి రెక్కపురుగు చీకటిలో ఆ వాసన పట్టుకొనియే వచ్చి గ్రుడ్లు పెట్టును. ఈ సంగతి మొదట కోసుకూర సీతాకోకచిలుక విషయమున బయటపడినది. 1910లో హాలెండు దేశమున వెర్షాఫెల్ట్ అను పండితుడు, ఆ సీతాకోకచిలుక పురుగులు సామాన్యముగ ముట్టని వేఱొక మొక్క యాకునకు ఆవజాతి మొక్క రసము పూసి వాని ముందుంచెను. అవి దానిని తినసాగెను. ఈ వాసన సంగతి మఱువకుడు. దానితో మనకు పిదప పని కలదు.

ఇక పురుగును గుర్తించుట. ఆకు అడుగుభాగమున ఈనెల వెంబడి, ఆవగింజకంటె చాల చిన్నవై, లేత పసుపువన్నె గ్రుడ్లు ఒంటరిగనో రెండు మూడుగనో యుండును. కంటికి దొరకుట కష్టము. కొలది దినములకు పొదిగిన పిల్లపురుగు మొదట ఆకు పొరల నడుమ దూరి సన్నని సొరంగము త్రవ్వును. తరువాత బయటికి వచ్చి ఆకును క్రిందినుండి గీకి తినును. పైపొరను మాత్రము విడుచును. అట్టి ఆకును వెలుతురునకు ఎత్తి చూచినచో చిన్న చిన్న అభ్రకపు కిటికీలు పెట్టినట్లుండును. ఆ పైపొర ఎండి రాలినప్పుడు తూటు పడును. తూట్లు చూచి పురుగు వచ్చినదనుకొనుట ఆలస్యపు తెలివి. కిటికీలు చూచి తెలిసికొనవలెను.

పెరిగిన పురుగు లేత ఆకుపచ్చగ, రెండు కొనలయందును సన్నగ, నడుమ కొంచెము లావుగ నుండును. దీనిని నిశ్చయముగ తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. పుల్లతో తాకుడు. అది గిలగిల కొట్టుకొని వెనుకకు జరుగును. లేదా ఆకు అంచునుండి సన్నని పట్టుదారము వదలి దానిపై వ్రేలాడును. మీరు పోయిన పిదప ఆ దారము పట్టుకొని మరల పైకెక్కును. ఇట్లు చేయు పురుగు కోసుకూర తోటలో మఱియొకటి మీకు తఱచుగ తగులదు. ఎదిగిన పిదప ఆకుమీదనే వలవంటి పలుచని గూడు అల్లుకొనును. లోపలి ప్రాణి బయటికి కనబడుచుండును. దానినుండి వెలువడు రెక్కపురుగు బూడిదవన్నెది, వడ్లగింజ ప్రమాణమున నుండును. రెక్కలు ముడిచి కూర్చున్నప్పుడు వీపుమీద తెల్లని మచ్చలు మూడు వరుసగ వజ్రపు ఆకారమున అమరును. అందుచేతనే దీనికి వజ్రపు మచ్చ పురుగని పేరు. ఇంగ్లీషువారి డైమండ్ బ్యాక్ మాత్ ఇదియే. మందుల దుకాణములలో ఆ పేరే చెల్లుచున్నది.

వెచ్చని మన మైదానములలో గ్రుడ్డు మొదలు మరల గ్రుడ్డు పెట్టువఱకు ఒక జన్మము సుమారు రెండు మూడు వారములలో ముగియును. ఒక్కొక్క తల్లి నూటికి పైగ గ్రుడ్లు పెట్టును. కోసుకూర నాటి కోయులోపల మూడు నాలుగు తరములు గడచును. ఈ లెక్కను గుర్తుంచుకొన్నచో మిగిలిన కథ సుబోధమగును.

తోటలో వేఱు పురుగులును గలవు. వానిని క్లుప్తముగ చెప్పెదను. పొగాకు లద్దెపురుగు గ్రుడ్లను కుప్పగ పెట్టి బూరుగు దూదివంటి నూగుతో కప్పును. ఆ కుప్పయున్న ఆకును త్రుంచి నలిపినచో వందల పురుగులు ఒక్క దెబ్బతో పోవును, దానికి మందేల? లేతమొక్క మొవ్వును తొలుచు పురుగొకటి, ఆకులను దారముతో అల్లి గూడు కట్టి లోపల గుంపుగ తిను పురుగొకటి కలవు. చలిప్రదేశములందును ఉత్తరదేశమునను తెల్లని సీతాకోకచిలుక పిల్లలు మందలు మందలుగ ఆకులు తినివేయును. ఆవ, ముల్లంగి మళ్లలో నల్లని పురుగొకటి ఉదయ సాయంకాలములందు తిని, ముట్టినంతనే చుట్టగ చుట్టుకొని నేల రాలును. ఇది చూపునకు గొంగళిపురుగే కాని జన్మముచేత కందిరీగల చుట్టము. ఈ భేదము పండితుల ముచ్చట కాదు. గొంగళిపురుగులకై యమ్ము సూక్ష్మజీవుల మందు దీనిపై పనిచేయదు. తెలియక కొన్నవాని డబ్బు వ్యర్థము.

మందులు ఓడిన కథకు వచ్చెదను. మన దేశమున కోసుకూర జాతిపై వజ్రపు మచ్చ పురుగును గూర్చి 1914లోనే ఫ్లెచర్ దొర వ్రాసియుండెను. అప్పటికది ఒక సామాన్యమైన చీడ. రెండవ ప్రపంచయుద్ధము తరువాత డి.డి.టి. వచ్చినప్పుడు పురుగుల యుగము ముగిసెనని పెక్కుమంది నమ్మిరి. 1953లో జావాద్వీపపు లెంబాంగు కొండలనుండి ఒక వార్త వచ్చెను: అక్కడి కోసుకూర తోటలలో ఈ పురుగు డి.డి.టి.కి చావకున్నది. పంటలను తిను పురుగులలో ఆ మందును జయించినదిగ లోకమునకు తెలిసిన తొలివానిలో ఇదియొకటి. 1968లో మన పంజాబునందలి లూధియానాలో డి.డి.టి.కిని, పారథియానునకును లొంగని పురుగు కనబడెను. తరువాత వచ్చిన మందుల కుటుంబములన్నిటి గతియు ఒక్కటొకటిగ అట్లే యాయెను. నేలలో పుట్టు ఒక సూక్ష్మజీవినుండి చేసిన బి.టి. మందు ప్రకృతిసిద్ధమైనది గాన దానికి ఎదురుండదని తలచిరి. 1990లో హవాయి ద్వీపముల తోటలనుండి దానిని కూడ తట్టుకొన్న పురుగును గూర్చి ప్రకటించిరి. తోటలలో బి.టి.ని జయించిన మొదటి పురుగు ఇదియే. ఈ శతాబ్దమున వచ్చిన, మిక్కిలి వెలగల డయమైడు మందులు సయితము వెలువడిన కొలది సంవత్సరములకే ఆగ్నేయాసియాలో వమ్మైనవి. ప్రపంచమున ఈ పురుగు వలన ఏటేట కలుగు నష్టమును, దాని నివారణకగు వ్యయమును కలిపి 2012లో నాలుగైదు వందల కోట్ల డాలర్లుగ లెక్కించిరి.

మందు పురుగును బలిష్ఠముగ చేయునని కొందఱందురు. అది సరికాదు. మందు పురుగును మార్చదు, జల్లెడ పట్టును. లక్ష పురుగులలో పుట్టుకచేతనే ఆ విషమును ఓర్చుకొను శక్తిగలవి ఏ పదియో యుండును. మందు చల్లినచో తక్కినవన్నియు చచ్చి ఆ పదియు మిగులును. తరువాతి తరము వాని సంతానమే. మంచి విత్తనమునకై మీరు కంకులు ఏఱి దాచినట్లే, మందునకు చావని పురుగులను ఏఱి, వానికి మాత్రమే పిల్లలు కలుగునట్లు మనమే చేయుచున్నాము. కంకులకు ఏటికి ఒకటి రెండు తరములైన, దీనికి పదునాలుగు పదునైదు తరములు. మోతాదు పెంచుట జల్లెడ కన్నులను మార్చుటయే. మూడు మందులు కలిపి చల్లువాడు మూడింటిని ఓర్చుకొను సంతానమును ఒకేసారి తయారుచేయుచున్నాడు. ఇంకొక చిక్కు. దుకాణమున వేఱువేఱు పేర్లుగల రెండు సీసాలలో ఒక్కటే ఔషధముండవచ్చును. మందు మార్చితినని రైతు తలచును. పురుగునకు మాత్రము మార్పు తెలియదు. సీసాపై పెద్దయక్షరముల పేరు గాక, చిన్నయక్షరములలో నున్న ఔషధము పేరు చదువవలెను. చదువరాని వారికి చదివి చెప్పుట ఊరిలో చదువుకొన్నవారి విధి.

మందు చేయు రెండవ కీడు ఇంతకన్న పెద్దదని నా యభిప్రాయము. పచ్చపురుగునకు శత్రువు కలదు. అది చీమంత నల్లని చిన్న కందిరీగ, మనుష్యులను కుట్టదు. పచ్చపురుగు పిల్లగా నున్నప్పుడే ఇది దాని యొంటిలో గ్రుడ్డు పెట్టును. పుట్టిన పిల్ల లోపలనుండి పురుగును తిని, అది గూడు కట్టు దశకు రాకమునుపే బయటపడి, ప్రక్కనే ఆకుమీద తెల్లని పట్టుగూడు కట్టుకొనును. నూకబియ్యపు గింజవంటి ఆ తెల్లని గూళ్లను చూచి, ఇదియొక క్రొత్త చీడ యనుకొని ఆకులు త్రుంచి కాల్చువారు కలరు. అది తన కావలివానిని తానే చంపుకొనుట. మన మైదానములలో ఈ కందిరీగ ఎవరును తేకయే యున్నది. సాలెపురుగులు, చీమలు, పక్షులు దీనికి తోడు. మందు చల్లిన దినమున పురుగులలో కొన్ని మిగులును గాని, ఈ కందిరీగ మిగులదు. అందుచేత మొదటి చల్లకమునకు తరువాత వచ్చు పురుగులు, చల్లని పొలములోని పురుగులకంటె హెచ్చుగ నుండుట విచిత్రము కాదు. అప్పుడు రెండవ చల్లకము తప్పనిసరియగును. ఒకసారి మొదలిడిన ఈ యప్పు వడ్డీపై వడ్డీ యగును.

ఆ జావా కొండలలోనే దీనికి నిదర్శనము కలదు. 1950లో అచటికి న్యూజిలాండునుండి, పురుగును చంపు వేఱొక కందిరీగను తెచ్చి వదలిరి. అది బ్రదికినది, కాని చాలకాలము దాని వలన లాభము కనబడలేదు. కారణము విడ్డూరమేమియు కాదు. రైతులు తఱచుగ విషము చల్లుచుండిరి, కందిరీగ తలయెత్తలేకపోయెను. మందులు తగ్గించి, పురుగులను లెక్కించిన పిదపనే చల్లు పద్ధతి నవలంబించిన తోటలలో అది వృద్ధిపొంది పని చేసెను. అదే జాతి కందిరీగ నేడు మన నీలగిరులలోను నివసించుచున్నది. చలిప్రదేశములదగుటచే మన మైదానపు వేడిమి దానికి సరిపడదు. మనకు మన నల్లని కందిరీగయే దిక్కు.

చేయవలసిన పని యేమి? మొదటిది ఓర్పు. దీనిని ఉపదేశముగ గాక లెక్కగ చెప్పుచున్నాను. నాటిన మూడు నాలుగు వారములవఱకు మొక్క వేయు ఆకులు వెలియాకులు. అవి సంతకు పోవు. వానిపై కొన్ని తూట్లు పడినంతమాత్రమున గడ్డ తగ్గదు. ఊరు చూచి నవ్వునని రైతు ఆ దశలోనే మందు చల్లుట మొదలిడుచున్నాడు. కందిరీగ అప్పుడే నశించుచున్నది. మొవ్వు తినిపోవు పురుగు తగిలినప్పుడు తప్ప, ఈ దశలో విషముతో పనిలేదు. జాగ్రత్త పడవలసినది మొవ్వులోని ఆకులు లోనికి ముడుచుకొని గడ్డకు ఆరంభమగు కాలమున. అప్పుడు వారమునకు రెండుసారులు పొలమున అడ్డముగ నడచి, ఇరువది మొక్కలను ఆకు తిరుగవేసి చూచి, పచ్చపురుగులెన్నో తెల్లని గూళ్లెన్నో లెక్క వ్రాసికొనవలెను. పురుగులు పెరిగి గూళ్లు పెరుగకున్న చల్లుడు. గూళ్లు పెరుగుచున్న కొంచెము ఆగుడు.

రెండవది ఆవ. ఇందాక మఱువవలదన్న వాసన ఇచట అక్కఱకు వచ్చును. తల్లి రెక్కపురుగునకు కోసుకూరకంటె ఆవ ప్రియము. బెంగుళూరు చేరువ హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనాసంస్థవారు దీనిని ఎఱగ వాడి పరీక్షించి, 1991లో ఫలితములు ప్రకటించిరి. పద్ధతి యిది. ఇరువదియైదు వరుసల కోసుకూరకు రెండు ప్రక్కలను ఆవ వరుసలు జంటగ నుండవలెను. జంటలో ఒక వరుసను కోసుకూర నాటుటకు పదునైదు దినములు ముందుగను, రెండవ వరుసను నాటిన ఇరువదియైదు దినములకును విత్తవలెను. ఆవ త్వరగ ముదురును గాన, మొదటిది ముదిరి వాసన తగ్గువేళకు రెండవది లేతగ నుండుటకే ఈ యేర్పాటు. రెక్కపురుగులు ఆవపై గ్రుడ్లు పెట్టును. పేనుబంక సయితము చాలవఱకు అటే చేరును. అచట పురుగులను నాశనము చేయుట సులభము, వ్యయమును స్వల్పము.

ఒక్క హెచ్చరిక. ఎఱ వేసి విడిచినవాడు పురుగునకు పురిటిల్లు కట్టినవాడగును. ఆవపై పురుగు కనబడినంతనే వారము వారము దానిని చంపవలెను. లేదా ఆవను పెఱికి పాతివేయవలెను. ఇతర దేశములలో చేసిన పరీక్షలలో కొన్నిట ఆవ వలన ఇంత ఫలము కనబడలేదు కూడ. కాబట్టి దీనినే నమ్మి మిగిలిన పనులు మానరాదు.

మూడవది వేపగింజ. ఎకరమునకు పది కిలోల వేపపప్పును పొడిచేసి, గుడ్డలో మూటకట్టి నీటిలో రాత్రియంతయు నానవేసి పిండి, వడియగట్టి, మొత్తము రెండువందల లీటర్ల నీరగునట్లు కలిపి చల్లవలెను. ఇందు సబ్బు కలుపుట మఱచినచో శ్రమయంతయు నేలపాలు. కోసుకూర ఆకు చేమాకు వంటిది. మైనపు పూత యుండుటచే నీరు ముత్యములై జాఱిపోవును. వంద లీటర్లకు నూఱు గ్రాముల సబ్బు చాలును. ఎండకు వేపసారము నశించును గాన సాయంకాలము చల్లవలెను. ఇది వెంటనే చంపు మందు కాదు. పురుగునకు తిండి సయింపక, కుబుసము సరిగ విడువలేక చచ్చును. మఱునాడు ఉదయము తోటకు పోయి పురుగు కదలుచున్నదని నిరాశపడరాదు. గడ్డ కట్ట నారంభించిన దశ దీనికి మిక్కిలి తగినది.

ఇంకను తప్పనిచో బి.టి. మందు కలదు. పిల్లపురుగులు ఆకుతో దానిని తినిన కొన్ని గంటలకే మేత మానును. చచ్చుటకు రెండు మూడు దినములు పట్టును. మనుష్యులకును, పసులకును, మన కందిరీగలకును హాని చేయదు. కాని పట్టుపురుగులను పెంచు గ్రామములవారు ఈ మాట చెవియొగ్గి వినవలెను. ఈ సూక్ష్మజీవిని 1901లో జపానుదేశమున మొదట కనుగొన్నది చచ్చుచున్న పట్టుపురుగులలోనే. పట్టుపురుగు కూడ గొంగళిపురుగే కదా. పలమనేరు, కుప్పము వైపున ఒక గట్టునకు ఈవల కోసుకూర, ఆవల మల్బరి యుండుట కలదు. గాలికి కొట్టుకొనిపోయిన తుంపర మల్బరి యాకుపై పడినచో పొరుగువాని చంద్రికలన్నియు పాడగును. మల్బరి ప్రక్కన బి.టి. చల్లరాదని ఊరిలో కట్టడి చేయుట మేలు.

నీటిని గూర్చి ఒక మాట. వానకు పిల్లపురుగులు కొట్టుకొనిపోయి చచ్చును. వాన లేని వెచ్చని నెలలలోనే ఈ చీడ హెచ్చు. హవాయిలో నీటిమళ్లలోని ఆకుకూరకు తుంపర సేద్యముచే పైనుండి నీరు చిమ్మి దీనిని అణచిరి. మునిమాపువేళ తుంపర పడినచో రెక్కపురుగులు జతగూడి గ్రుడ్లు పెట్టుట చెడును. తుంపర గొట్టములున్న వారు ఆ వేళకు నీరు వదలవలెను. వేళ మార్చుటకు పైకము పనిలేదు.

విషపు మందులను ఎన్నడును ముట్టరాదని నేను అనను. ముట్టినప్పుడు ఒక తరమునకు ఒక జాతి ఔషధము, తరువాతి తరమునకు వేఱొక జాతి వాడవలెను. కలిపి వాడరాదు. చల్లిన పిదప ఎన్ని దినములు కోయరాదో సీసాపై వ్రాసియుండును. గడ్డ లోపలి మడతలలో చిక్కిన విషము పై నీటితో కడిగిన పోదు. సంత ధర బాగున్నదని చల్లిన మూడవనాడే కోసి పంపువాడు ఎవరి పిల్లలకు దానిని పెట్టుచున్నాడో తెలిసియే పంపుచున్నాడు.

ఇక మీ పని. ఈ పురుగు ప్రయాణముల తీరు వినుడు. తిండి దొరకునంతకాలము రెక్కపురుగు పుట్టిన పొలము చుట్టుపట్లనే తిరుగును. తిండి తీఱినప్పుడు గాలి నెక్కి పోవును. 1958లో ఇవి ఉత్తరసముద్రము మీదుగ ఇంగ్లండు తీరమున అసంఖ్యాకముగ దిగినవి. మన గ్రామములలో ఇంత దూరము పోవలసిన యక్కఱ దానికి లేదు. ఒకరి తోట కోతకు వచ్చునప్పటికి పొరుగువాని తోట గడ్డ కట్టుచుండును, మఱియొకని తోట అప్పుడే నాటినదై యుండును. ఏడాది పొడవున దానికి విస్తరి వేసియే యున్నాము. కోసిన తోటలలోని మోళ్లు మరల చిగిర్చును. చిగుళ్లపై పురుగు హాయిగ మఱియొక రెండు తరములు వృద్ధిపొందును. కోత ముగిసిన రైతునకు ఆ మోళ్లతో లాభము లేదు, నష్టమును లేదు. దున్నుటకు మాత్రము డబ్బు కావలెను. నష్టము పొరుగువానిది. ఇట్టి చోటనే పెద్దల మాట కావలెను.

కట్టడి మూడు విషయములందు చేయుడు. ఊరిలో కోసుకూర వేయువారందఱును రెండు మూడు వారముల లోపల నాట్లు ముగింపవలెను. చలికాలపు పంటకు ఉత్తర, హస్త కార్తెలలో నారు పోసి స్వాతిలో నాటుదురనుకొనుడు. అప్పుడు ఎఱ ఆవ చిత్తకార్తె ఆదిలో పడవలెను, రెండవ వరుస అనూరాధలో పడవలెను. రెండవది, నారుమడి ప్రాత తోటల ప్రక్కన ఉండరాదు, సన్నని వలతో కప్పియుండవలెను. వెలినుండి కొన్న నారును ఆకు తిరుగవేసి చూచినగాని గట్టు దాటనీయరాదు, ఏలన గ్రుడ్లు నారుతోనే వచ్చును. మూడవది, కోత ముగిసిన వారములోపల మోళ్లు దున్నవలెను. ఆ పిదప వేసవిలో కొంతకాలము కోసుకూర, ఆవకూర, ముల్లంగి ఏదియు ఊరి పొలములలో ఉండరాదు. అప్పుడు మొక్కజొన్నయో పప్పుధాన్యములో టమాటాయో వేయవచ్చును. ఆస్ట్రేలియాలో క్వీన్సులాండు రాష్ట్రమందలి లాకియర్ లోయలో మందులు ఓడిపోయిన పిమ్మట రైతులు కూడబలుకుకొని, వేసవిలో ఈ పంటలకు విరామ మిచ్చి, మందులను కాలమును బట్టి వంతులవారీగ వాడిరి.

ఈ మూడింటిలో చిక్కంతయు మోళ్ల దగ్గఱ వచ్చును. పట్టణమున కాపురముండి కౌలుకిచ్చిన వారి పొలము కౌలుదారు విడిచిపోయిన పిదప ఎవరు దున్నవలెను? మగదిక్కు లేని యింటివారు ట్రాక్టరు బాడుగ ఎట్లు తేవలెను? వీరిపై జరిమానా వేయుటకంటె, నాట్ల వేళనే ఎకరమునకింతయని కోసుకూర రైతులందఱి నుండి కొంత సొమ్ము ప్రోగుచేసి యుంచి, గడువు దాటిన చెక్కలను ఊరి ఖర్చుతో దున్నించుట తెలివియని నాకు తోచుచున్నది. పదియెకరముల తోటలకు ఒక్కసారి చల్లు మందు వెలతో పోల్చి చూచుకొనుడు. విడిచిన అరయెకరము మోళ్లు తిరుగవేయుటకు ట్రాక్టరునకు ఒక పూటయైనను పట్టదు.